మన్మథరావు గారి ఏడో వీడ్కోలు

మా కమిషనరు పరాంకుశరావు గారికి జంతువులంటే ప్రాణం. మాంసమన్నా ప్రాణమే. ఈ రెండు ప్రాణాలూ ఇన్నేళ్ళపాటు ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఆయన ఒంట్లో కాపురం చేశాయి. ఆయన రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుందనగా, ఒక ఆదివారం ఉదయం, మీరావలి మాంసం కొట్టు ముందు అవి రెండూ ఎదురుపడ్డాయి.

ఆయన సంచీ పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. పక్కన కట్టేసి ఉన్న మేకపోతు ఆయన లాల్చీ అంచు నమలడం మొదలుపెట్టింది. ఆయన ముచ్చటపడి దాని గడ్డం నిమిరారు. అది తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో చేతిలో అర్జీ లేకుండా తన కళ్ళలోకి చూసిన మొట్టమొదటి ప్రాణి అదేనని ఆయన తర్వాత మాతో చెప్పుకుని బాధపడ్డారు. పావుగంటకి మీరావలి దాన్ని గోడ వెనక్కి తీసుకెళ్ళాడు. ఇంకో అరగంటకి కమిషనరు గారు కిలో తొడమాంసం, అరకిలో లివరు తీసుకుని ఇంటికెళ్ళారు.

సోమవారం పొద్దున్నే నాకు పిలుపొచ్చింది. నా పేరు కోదండపాణి. రాగులవరం పురపాలక సంఘంలో సీనియర్ అసిస్టెంటుని, జనన మరణాల సీటు. కాస్త తెలుగు వచ్చని తెలియడం వల్ల మా ఆఫీసులో ఎవరు రిటైరైనా అభినందన పత్రం నాచేతే రాయిస్తారు. ఇప్పటికి అరవై మందిని సాగనంపాను.

"నిన్న తిన్నావా కోదండపాణీ?" అన్నారు కమిషనరు గారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"తిన్నానండి. ఆదివారం గదండీ."

"నేనూ తిన్నాను. బాగుంది. చాలా బాగుందయ్యా. అదే నా బాధ." ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. "మానలేం. ప్రేమించకుండానూ ఉండలేం. ఈ రెండింటి మధ్య సరైన ప్రొసీజరు లేకపోవడం వల్లనే మనకీ మనస్తాపం. మన దగ్గర ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు మోసినవాణ్ణి ఊరికే పొమ్మంటామా? శాలువా కప్పుతాం. దండ వేస్తాం. నాలుగు మంచి మాటలు చెప్పి, భోజనం పెట్టి పంపుతాం. మరి మనకి భోజనమే అయిపోతున్న ప్రాణి సంగతేమిటి? ఒక్క మంచి మాట నోచుకోదా?"

ఏం చెప్పాలో తోచనప్పుడు తలూపడం నాకు అలవాటు. ఊపాను. అక్కడే నా కొంప మునిగింది.

నెల తిరక్కుండానే 'మాంసోపయోగ పశు గౌరవ వీడ్కోలు నియమావళి' కౌన్సిల్లో ఏకగ్రీవంగా నెగ్గింది. వేదిక, మైకు, దండ ఉన్న ఏ తీర్మానాన్నీ మా కౌన్సిలు ఇంతవరకూ కాదన్న పాపాన పోలేదు. దాని ప్రకారం మా ఊళ్ళో కోయబోయే ప్రతి మేకకీ ముందుగా మునిసిపల్ హాల్లో వీడ్కోలు సభ జరగాలి. శాలువా, దండ, అభినందన పత్రం తప్పనిసరి. ఆ మేకని కొనదలచినవాళ్ళు కనీసం పాతికమంది సభలో కూర్చోవాలి. సభ అయ్యాక పశువుల డాక్టరు ముద్ర వేస్తే, అదే రోజు ఆ మేకని 'విధుల నుంచి విముక్తి' చేయాలి. మూడుసార్లు తప్పితే కొట్టు లైసెన్సు రద్దు. మా ఊరికి ఉన్నది ఒకే ఒక్క మాంసం కొట్టు. అది మీరావలిది. అంతకు ముందు వాళ్ళ నాయనది.

మొదటి సభకి హాలు నిండిపోయింది. అందరి ఒళ్ళోనూ సంచులు, స్టీలు డబ్బాలు. వేదిక మీద చైర్‌పర్సన్ గారికీ కమిషనరు గారికీ మధ్య మేకని నిలబెట్టారు. దండ మెడలో వేసేలోపే అది సగం తినేసింది. అభినందన పత్రం చదివే బాధ్యత శానిటరీ ఇన్‌స్పెక్టర్ భూషణం తీసుకున్నాడు. భూషణం కుర్రతనంలో పద్యనాటకాలు వేసినవాడు. ఏ కాగితం చేతికిచ్చినా రాగం తీసి చదువుతాడు. చదివిందేమిటో పట్టించుకోవడం మాత్రం అతని సీటు కాదు.

నేను నిజంగానే మనసు పెట్టి రాశాను. 'కొండవాగు పక్కన తుమ్మకాయలు ఏరుకు తింటూ, తల్లి పొదుగు కోసం తోబుట్టువులతో పోట్లాడుతూ గడిచిన మీ బాల్యం' అనే వాక్యం దగ్గర ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అంతలో వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "అయ్యా, ఆ తలకాయ నాకు చెప్పిపెట్టండి" అన్నాడు. సభ మర్యాద తెలియదా అని పక్కవాళ్ళు ఆయన్ని కసిరి కూర్చోబెట్టారు. ఆ కసిరినవాళ్ళే కాళ్ళకి చెప్పిపెట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో మా ఆవిడ శేషుకుమారి వడ్డిస్తూ ఆగిపోయింది.

"ఏవండీ, పొద్దున ఆ తుమ్మకాయల సంగతి రాసింది మీరేనా?"

"నేనే."

"వింటుంటే గుండె తరుక్కుపోయింది." ముక్కు చీదుకుంది. "ఉప్పు సరిపోయిందేమో చూడండి."

సరిపోయింది. ఆ మాటకొస్తే ఎన్నడూ లేనంత రుచిగా ఉంది. ఊరంతా అదే మాట. ఏడ్చి తింటే అరుగుదల బాగుందని కూడా కొందరన్నారు. అది విని కమిషనరు గారి ఉత్సాహానికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

సవరణలు మొదలయ్యాయి. కోళ్ళ సంగతేమిటని ఎవరో అడిగారు. వాటికి డజను చొప్పున గ్రూపు ఫోటోతో సామూహిక వీడ్కోలు ఏర్పాటైంది. చేపలు ఊళ్ళోకి వచ్చేసరికే చనిపోయి ఉంటాయి గనక వాటికి సంతాప సభ చాలన్నారు. రొయ్యల దగ్గర మాత్రం పెద్ద చర్చ జరిగింది. ఒక్కొక్క రొయ్యకీ రెండు నిమిషాల మౌనం పాటించాలా, కిలోకి కలిపి పాటిస్తే చాలా అని పై ఆఫీసుకి రాశాం. వివరణ ఇప్పటికీ రాలేదు. ఆ పుణ్యాన మా ఊరివాళ్ళు రెండు నెలలు రొయ్యలు ఎరగరు.

ఆ తర్వాత మేకలకి సర్వీసు రిజిస్టరు వచ్చింది. పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, నడవడిక, పేరు. పేరు దగ్గరే మీరావలి అడ్డం తిరిగాడు.

"పేరు వద్దండీ కమిషనర్ గారూ. మా నాయన కాణ్ణుంచి మేం మేకలకి పేర్లు పెట్టం."

"పేరు లేని ప్రాణిని ఎట్లా గౌరవించగలం?" అన్నారు కమిషనరు గారు. "అనామకంగా చంపడం అమానుషం మీరావలీ. రికార్డు ప్రకారం చంపడం నాగరికత."

పేర్లు పెట్టే పని జనన మరణాల సీటు కింద నాకే పడింది. నాలుగు పేర్లు పెట్టాక ఐదో మేకకి నేను 'మన్మథరావు' అని రాశాను. గోధుమరంగు మేకపోతు, ఎడమ చెవి మాత్రం తెలుపు. నడకలో ఒక దర్జా ఉంది. అంతకు మించి నాకు వేరే ఉద్దేశం లేదు.

పేర్లయ్యాక సీనియారిటీ జాబితా తయారైంది. పుట్టిన తేదీ ప్రకారం పెద్దది ఉండగా చిన్నదానికి విముక్తి ఇస్తే అన్యాయమట. ముందున్న నాలుగూ వెళ్ళిపోయాక జాబితా పైన మన్మథరావు మిగిలాడు. ఆయన వెళ్తే తప్ప మీరావలి దొడ్లో ఇంకో మేక మీద చెయ్యి వెయ్యడానికి లేదు.

మన్మథరావు మొదటి వీడ్కోలుకి పదకొండుమంది కౌన్సిలర్లు మాట్లాడారు. పశువుల డాక్టరు పది గంటలకల్లా డ్యూటీ దిగి వెళ్ళిపోయాడు. ముద్ర పడలేదు. ఏ రోజు వీడ్కోలు ఆ రోజే చెల్లుతుంది గనక మళ్ళీ వారానికి మళ్ళీ సభ. ఆ వారం శాలువా రాలేదు. మూడో వారం ముఖ్య అతిథి రాలేదు. నాలుగో వారం అన్నీ వచ్చాయి గానీ మన్మథరావు అభినందన పత్రం తినేశాడు. పత్రం లేనిదే సభ జరిగినట్టు రికార్డు లేదు. ఐదో వారం కరెంటు పోయింది. ఆరో వారానికి జనం విసిగిపోయి పక్క ఊరు వెళ్ళి తెచ్చుకున్నారు. పాతికమంది ఉండాల్సిన హాల్లో పదిమందే ఉన్నారు.

ఆరు వారాలపాటు కొట్టు తెరుచుకోలేదు. మన్మథరావు మాత్రం నిగనిగలాడుతూ తయారయ్యాడు. మైకులో 'హలో, హలో' అని వినపడితే చాలు, దొడ్డి దూకి వచ్చి వేదిక మీద కుడివైపు తన చోట్లో నిలబడేవాడు. వారం వారం అదే పేరు రాసే ఓపిక నాకూ పోయింది. పత్రంలో పేరుండాల్సిన చోట గీత గీసి వదిలేసేవాణ్ణి. భూషణం సందర్భాన్ని బట్టి పూరించుకునేవాడు.

ఒక బుధవారం మీరావలి ఒక కాగితం పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చాడు. శాలువా రానందుకు ఒకటి, జనం రానందుకు ఒకటి, రెండు తప్పిదాలు నమోదయ్యాయని, నెలాఖరు ఆదివారం నాటికి మన్మథరావుని విముక్తి చేయకపోతే మూడో తప్పిదం కింద లైసెన్సు రద్దవుతుందని అందులో ఉంది. కమిషనరు గారి సంతకం ఉంది. డ్రాఫ్టు నాదే.

"ఆ రోజుకి చేసెయ్ మీరావలీ. కమిషనరు గారి రిటైర్మెంటు కూడా అదే రోజు. ఆ మాంసంతోనే విందు," అన్నాను.

మీరావలి కూర్చోలేదు. "నేను కొయ్యలేను సార్ దాన్ని."

"ఏం?"

"మా నాయన నాకు మూడు మాటలు నేర్పాడు. కోసేముందు నీళ్ళు తాపు. కత్తి దాని కంట పడనియ్యమాక. ఒకదాని ముందు ఇంకోదాన్ని కొయ్యమాక. అంతే సార్ మాకు తెలిసిన ప్రేమ. దానికి భయమెయ్యకూడదు. మీరేమో ఆరు తడవలు దాన్ని ఎక్కించి, కొయ్యబోతున్నామని మైకులో చదివి వినిపించారు. దొడ్లో మిగతాయన్నీ విన్నాయి." కాగితం నా బల్ల మీద పెట్టాడు. "పైగా పేరు పెట్టారు. ఇంట్లో పిల్లలు మన్మథరావుమామా అంటన్నారు. నేనెట్టా కొయ్యాల సార్? కొయ్యకపోతే కొట్టు పోద్ది. ముప్ఫయ్యేళ్ళ కొట్టు."

నాకు సిగ్గేసింది. అరవైకి పైగా అభినందన పత్రాలు రాసినవాణ్ణి, ఆ మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయాను. చూద్దాంలే మీరావలీ అన్నాను. చూద్దాం అంటే మా ఆఫీసులో అర్థమేమిటో అతనికీ తెలుసు.

నెలాఖరు ఆదివారం వచ్చింది. ఒకే రోజు రెండు సభలు పెట్టడం దుబారా అని పొదుపు సర్క్యులరు ఉండటంతో రెండు వీడ్కోళ్ళనీ కలిపేశారు. వేదిక మీద ఎడమవైపు పరాంకుశరావు గారు, కుడివైపు మన్మథరావు గారు. ఇద్దరికీ ఒకే రకం శాలువా, ఒకే రకం దండ. బల్ల మీద రిబ్బను కట్టిన రెండు పత్రాలు. కమిషనరు గారిది నేను నాలుగు రోజులు చెమటోడ్చి రాశాను. హాల్లో రెండువందల మంది. వెనక వంటవాళ్ళు మసాలా నూరుకుని, పొయ్యి వెలిగించి, మాంసం కోసం ఎదురుచూస్తున్నారు. బల్ల మీదే లైసెన్సు రద్దు ఉత్తర్వు కూడా ఉంది. పన్నెండింటికి కమిషనరు గారు చార్జి అప్పగించేలోపు మన్మథరావుకి విముక్తి జరగకపోతే, సంతకం పెట్టి మరీ వెళ్తారు.

చైర్‌పర్సన్ గారు మాట్లాడుతుండగా మన్మథరావు మెడ చాచి, దగ్గర్లో ఉన్న పత్రాన్ని అందుకుని, రిబ్బనుతో సహా నమిలి మింగాడు. అది కమిషనరు గారిది. నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు.

"ఇప్పుడు మన ప్రియతమ కమిషనరు గారి అభినందన పత్రం!" అంటూ భూషణం వచ్చి బల్ల మీద మిగిలిన ఒకే ఒక్క పత్రాన్ని తీశాడు.

లేచి ఆపొచ్చు. ఆపాలి కూడా. లోపలి జేబులో మీరావలి ఇచ్చిన నోటీసు ఉంది. అతను మెట్ల పక్కన చేతిలో స్టీలు గిన్నెతో నిలబడి ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క సాహసం అప్పుడు చేశాను. నోరు మూసుకుని కూర్చున్నాను.

"మితభాషి, నిగర్వి, శ్రీ పరాంకుశరావు గారూ!" భూషణం రాగం అందుకున్నాడు. "ఎవరు ముందు నడిస్తే వారి వెనకాలే నడిచే మీ క్రమశిక్షణ మాకు ఆదర్శం!" చైర్‌పర్సన్ గారు మనస్ఫూర్తిగా తలూపారు. "మీ ముందుకు వచ్చిన ఏ కాగితాన్నీ మీరు ఏనాడూ వదిలిపెట్టలేదు!" సిబ్బంది చప్పట్లు కొట్టారు. కమిషనరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పచ్చగా కనిపించిన ప్రతిచోటా మీరు నోరు పెట్టారు!" ఇక్కడ ఆయన కొద్దిగా కదిలారు. కాంట్రాక్టర్లు మాత్రం అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. "మీ మెదడును ఆశించేవారు ఈ పట్టణంలో ఎందరో ఉన్నారు!" ఆయన మళ్ళీ సర్దుకుని, సిగ్గుపడుతూ నమస్కారం పెట్టారు.

"నేటితో మీరు మీ సర్వస్వాన్నీ, తల మొదలు గిట్టల దాకా, పురప్రజలకు సమానంగా పంచి ఇవ్వనున్నారు!"

కమిషనరు గారి చేతులు నమస్కారంలోనే ఆగిపోయాయి.

"మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మీరు మా రక్తంలో రక్తమై, మాంసంలో మాంసమై కలిసిపోతారు! మీ లేత మనసును, అంతకన్నా లేతదైన మీ కాలేయాన్ని మేమెన్నటికీ మరువలేం!"

భూషణం చివరి అక్షరాన్ని అరనిమిషం లాగి వదిలాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక్కరికీ తేడా తెలియలేదు. ఆయన్ని అన్నిటికన్నా భయపెట్టింది అదే. చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్ళింది.

"మంచినీళ్ళు," అన్నారు సన్నగా.

మునిసిపల్ కుళాయి ఆ పూట రాలేదు. మీరావలి మెట్లెక్కి చేతిలోని గిన్నె అందించాడు. ఆయన గడగడా తాగేశారు. తాగాక అనుమానం వచ్చింది.

"నువ్వు నీళ్ళెందుకు తెచ్చావయ్యా ఇక్కడికి?"

"పోయేముందు ఇయ్యాల గదండీ. మా పద్ధతి."

"ఎవరికి?"

మీరావలి మన్మథరావు వంక చూశాడు. ఆయన వంక చూశాడు. "సీనియారిటీలో ఎవరు ముందైతే వాళ్ళకండీ."

ఆ మాట అమాయకంగా అన్నాడో, కావాలనే అన్నాడో నేనిప్పటికీ అడగలేదు. కమిషనరు గారు పక్కకి తిరిగారు. దండ నములుతూ మన్మథరావు ఆయన కళ్ళలోకి చూశాడు.

"మీరావలీ, ఇదంతా దానికి తెలుస్తుందంటావా?"

"మాటలు తెలియవు సార్. అందరూ తనకేసే చూస్తా ఉంటే మాత్రం, ఏ ప్రాణికైనా తెలుసుద్ది."

కమిషనరు గారు హాలు వంక చూశారు. రెండువందల మందీ ఆయనకేసే చూస్తున్నారు. భోజనాల వేళ దగ్గరపడుతోంది.

"కోదండపాణీ! కాగితం!"

పన్నెండుకి ఆరు నిమిషాలుందనగా ఆయన తన సర్వీసులో ఆఖరి ఉత్తర్వు చెప్పారు, నేను రాశాను. నియమావళి తక్షణం రద్దు. మీరావలి లైసెన్సు యథాతథం. వధకు ముందు జంతువుల ఎదుట ప్రసంగాలు నిషిద్ధం. 'శ్రీ మన్మథరావు గారు ఇప్పటికే ఏడు పర్యాయములు విరమణ పొందియున్నందున, వారిని మరల విరమింపజేయుట నిబంధనలకు విరుద్ధము' అని కింద తన చేత్తోనే రాసి సంతకం చేశారు. లైసెన్సు రద్దు ఉత్తర్వు చించబోతుంటే మన్మథరావు ఆ శ్రమ లేకుండా చేశాడు. మీరావలి గిన్నె గుండెకి ఆనించుకుని ఏడ్చేశాడు.

ఆ తర్వాత అతను ఖాళీ గిన్నె నింపుకుని, దొడ్లో ఇంకో మేకని విప్పుకుని కొట్టు గోడ వెనక్కి వెళ్ళాడు. మైకు లేదు. ఎవరూ చూడలేదు. విందు కోసం ఆ రోజు ఆగిన పశువుల డాక్టరు ఒక్కడే వెళ్ళి ముద్ర వేసి వచ్చాడు.

మూడింటికి విస్తళ్ళు వేశారు. కమిషనరు గారి విస్తట్లో అన్నం మీద కూర పడింది. పొగలు వస్తున్నాయి. ఆయన చెయ్యి పెట్టలేదు. చాలాసేపు ముక్కల వంక చూసి, వడ్డన చూస్తున్న మీరావలిని దగ్గరికి పిలిచారు.

"వీరి పేరు?"

"పేరు అడగమాకండి సార్," అన్నాడు మీరావలి మెల్లగా. "వేడిగా ఉంది. తినండి."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే కలుపుకున్నారు. మొదటి ముద్ద మింగి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి మూలుగ బొమిక అడిగి వేయించుకుని, చప్పుడయ్యేలా పీల్చారు. రెండోది కూడా అడిగారు. పక్కనే నేనూ తింటున్నాను. నాకూ కళ్ళు చెమర్చాయి. నేనూ రెండోది అడిగాను.

మన్మథరావు ఇప్పుడు మీరావలి ఇంటి ముందే ఉంటాడు. మా ఆఫీసులో ఏ సభకి మైకు మోగినా వచ్చి కుడివైపు నిలబడి, దండ తిని వెళ్తాడు. ఎవరూ అభ్యంతరం చెప్పరు. పరాంకుశరావు గారు ప్రతి ఆదివారం సంచీ పట్టుకుని వచ్చి, ముందు అతనికి గుప్పెడు అవిసాకు తినిపించి, తర్వాత వరసలో నిలబడతారు. మా ఆఫీసులో రిటైర్మెంట్లు మామూలుగానే జరుగుతున్నాయి, పత్రాలూ నేనే రాస్తున్నాను. ఒక్కటే మార్పు. వీడ్కోలు తీసుకునేవాళ్ళు ఎంత ఎండలోనైనా, ఎంత దాహమేసినా, వేదిక మీద మంచినీళ్ళు మాత్రం ముట్టుకోరు.